ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లల్ని పైచదువులకు పంపే ఉద్యోగం: చేరమంటారా?

అచ్చంపేట అక్క
నమస్తే అందరికీ. ఎమ్మెస్సీ అయ్యాక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఆఫర్ వచ్చింది. నాగర్‌కర్నూల్ జిల్లాలో నాలుగు ప్రభుత్వ జూనియర్ కాలేజీలు చూసుకోవాలట. ఇంటర్ సెకండియర్ పిల్లలు డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో నర్సింగ్‌లోనో చేరే దాకా వాళ్ల వెంట ఉండాలి. జీతం 24 వేలు, బండికి పెట్రోలు వేరే. ఇంటర్వ్యూలో "పిల్లల్లో ఆత్మవిశ్వాసం నింపాలి" అని ఊదరగొట్టారు గానీ, పొద్దున పదింటికి కాలేజీకి పోయి నేను చేసే పనేంటో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. ఈ పని చేసినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. మా నాన్నేమో "గ్రూప్స్ నోటిఫికేషన్ చూసుకోక నీకిదేంటి" అంటున్నారు.

పాడేరు రోడ్డు
చెల్లెమ్మా, నేను అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఇదే పని చేస్తున్నా. ముందు జీతం సంగతి. ఈ రంగంలో 24 వేలంటే మరీ తక్కువేం కాదు, అలాగని మురిసిపోయేంతా కాదు. పెట్రోలు ఇస్తామన్నది మాత్రం ఆఫర్ లెటర్‌లో రాయించుకో, తర్వాత "బడ్జెట్ రాలేదు" అంటారు.

ఇక పని. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా క్లాసులో నిలబడి చెప్పేదంతా ఒక ఎత్తు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఫోన్లో చేసేది ఒక ఎత్తు. పరీక్షలు అయిపోయాక పిల్లలు కాలేజీ మొహం చూడరు. నంబర్లు మారిపోతాయి. మా వైపు కొండ మీది ఊళ్లలో సిగ్నల్ అందాలంటే ఊరవతల ఏదో ఒక గట్టెక్కాలి, అదీ సాయంత్రం పనుల నుంచి వచ్చాక, పగలంతా ఇంట్లోవాళ్లతో కలిసి జీడిపిక్కలు ఏరుతుంటారు కాబట్టి. మగపిల్లలు కొందరు విజయవాడో హైదరాబాదో కూలికి పోతారు. సరిగ్గా అప్పుడే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వస్తుంది. అందుకే ప్రాక్టికల్స్ జరిగేటప్పుడే ఒక్కొక్కరి దగ్గర మూడు నంబర్లు రాసుకుంటా: ఇంట్లోది ఒకటి, మేనమామదో బాబాయిదో ఒకటి, ఊళ్లో కిరాణా కొట్టుదో ఆశా కార్యకర్తదో ఒకటి. మూడోదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ తర్వాత పేర్ల గొడవ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే ఉండదు. ఈ మూడూ కలవకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. మెమోలో మార్పించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది, అందుకని మెమోని బట్టి ఆధార్‌నే సరిచేయించు. కానీ ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, కాబట్టి తొందరపడి తప్పు స్పెల్లింగ్ ఎక్కించొద్దు. ఈ పనంతా సెకండియర్‌లో దసరా లోపు ముగించాలి. మే నెలలో మొదలుపెడితే నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

కౌంటర్ నం. 3
నేను మీసేవ నడుపుతా, మహబూబ్‌నగర్ వైపు. పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. నా వైపు నుంచి రెండు మాటలు.

ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఉంది కదా అని పిల్లలు రెండేళ్ల కిందటిది పట్టుకొస్తారు. ఇంజినీరింగ్ సీట్లిచ్చే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చినదే అడుగుతారు. జోసా అంటే ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకైతే ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఏప్రిల్ 1 తర్వాతవి కావాలి, అదీ కేంద్రం ఫార్మాట్‌లో. ఇందులో ఇంకో తిరకాసు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన ఢిల్లీ లెక్కలో ఓబీసీ కాదు, కేంద్రం జాబితాలో లేని కులాలున్నాయి. అది అప్లై చేసేముందే చూసుకోవాలి. ఫలితాలొచ్చాక ఒకేసారి అందరూ ఎగబడితే ఆ ఫైళ్లు తహసీల్ ఆఫీసులో గుట్టలు పడతాయి. గిర్దావర్, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఎంక్వైరీకి ఊరికి వచ్చినప్పుడు ఇంట్లో మనిషి లేకపోతే ఫైలు వెనక్కి పోతుంది. వలస పోయిన ఇళ్లలో ఇదే జరుగుతుంది, అమ్మానాన్నలు ముంబైలోనో పుణెలోనో ఉంటారు, ఇంటి దగ్గర ముసలవ్వ ఉంటుంది, ఆమెకేమో సంపాదన ఎంతో తెలవదు.

వలస అంటే గుర్తొచ్చింది. పిల్లాడు ఏడు, ఎనిమిది తరగతులు మహారాష్ట్రలో చదివి వచ్చి ఉంటే లోకల్ అవునా కాదా అన్న లొల్లి కౌన్సెలింగ్‌లో లేస్తుంది. ఆరో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ బోనఫైడ్, అంటే ఆ బడిలో చదివినట్టు సర్టిఫికెట్, అడుగుతారు. అది ఫస్టియర్‌లోనే చూసి పెట్టుకో అక్కా.

బ్యాక్‌లాగ్ బాబు
అందరూ సర్టిఫికెట్ల గురించే మాట్లాడుతున్నారు. నేను మీలాంటి ఒక సలహాదారు మాట విని బీటెక్‌లో చేరిన బాపతు. ఊరి పక్కన కాలేజీ, బస్సు ఇంటి ముందుకే వస్తుంది, "ఫీజు గవర్నమెంటే కడుతుంది తమ్ముడూ, నువ్వు సంతకం పెట్టు చాలు" అన్నారు. ల్యాబులో కంప్యూటర్లకు దుప్పటి కప్పి ఉంచేవాళ్లు, ఇన్‌స్పెక్షన్ రోజున తీసేవాళ్లు. నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగులు మిగిలాయి, సర్టిఫికెట్లేమో ఫీజు బకాయి ఉందని కాలేజీలోనే ఆగిపోయాయి. ఎంతమందిని చేర్పించారన్న అంకెతోనే మీ సంస్థలకు నిధులొస్తాయి, అవునా కాదా? ఎవరెక్కడ చేరారన్నది మీకెందుకు?

పాడేరు రోడ్డు
బాబూ, నీ కోపం న్యాయమైనదే. మా దగ్గర కూడా రిపోర్టులో ఉండేది ఒకే గడి, "చేరినవారు". రెండో ఏడాదికి ఎంతమంది మిగిలారో అడిగే గడి లేదు. అది నేను సొంతంగా ఒక నోటుబుక్కులో రాసుకుంటా, ఎవరూ అడగరు.

చాక్‌పీస్
ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనమిక్స్ లెక్చరర్‌ని. "గవర్నమెంటే కడుతుంది" అన్న మాట దగ్గర ఆగుదాం, ఎందుకంటే ఊళ్లలో ఎక్కువమంది మోసపోయేది అక్కడే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో, ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. దాని వల్ల కూలోళ్ల ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చారు, అందులో అబద్ధం లేదు. కానీ తెలంగాణలో లెక్క ఇది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మొత్తం ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ఎప్‌సెట్ ర్యాంకు పదివేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే మామూలుగా ఏడాదికి 35 వేలే. ఇప్పుడు బీసీ పిల్ల, ర్యాంకు నలభై వేలు, కాలేజీ ఫీజు లక్ష అనుకోండి. ఏటా 65 వేలు ఇంట్లోంచి పోవాలి, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. ఈ కూడికను తల్లిదండ్రుల ముందు కాగితం మీద వేసి చూపించే మనిషి ఊళ్లో ఒక్కరూ ఉండరు. ఆ మనిషివి నువ్వు కావాలి తల్లీ. ఆత్మవిశ్వాసం సంగతి తర్వాత.

పైగా ప్రభుత్వం ఇవ్వాల్సింది ఏళ్ల తరబడి ఆగుతోంది. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ కూడా చేశాయి. మధ్యలో నలిగేది సర్టిఫికెట్ కోసం తిరిగే పిల్లలే. బాబు చెప్పిన బాధ అదే.

అదే పిల్లకు జేఎన్‌టీయూ వాళ్ల మంథని, వనపర్తి, సిరిసిల్ల కాలేజీలు ఉన్నాయని చెప్పామా? కోస్గిలో పాలిటెక్నిక్‌ని ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ చేశారని చెప్పామా? ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో అవి పెట్టిందా? మా కాలేజీలో చాలామంది ఐదో ఆరో ఆప్షన్లు పెట్టి లేచిపోతారు, అవి కూడా బస్సు మీద పేరు చూసిన కాలేజీలే. ఎన్ని పెడితే అంత మంచిది, వరుస మాత్రం తలకిందులు కాకూడదు, పైన ఉన్నది వచ్చిందంటే కింద ఉన్నది ఎంత ఇష్టమైనా ఇక దొరకదు.

ఇంకోటి, పీఆర్వోలు, అంటే కాలేజీల తరఫున పిల్లల్ని పట్టుకొచ్చేవాళ్లు. దోస్త్, అంటే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ల తేదీలు రాగానే ప్రైవేటు డిగ్రీ కాలేజీల పీఆర్వోలు ఊళ్ల మీద పడతారు. పిల్ల హాల్‌టికెట్ నంబరు, ఆధార్, ఫోన్‌కొచ్చే ఓటీపీ తీసుకుని వాళ్లే ఆప్షన్లు పెట్టేస్తారు. ఒక బ్యాగో టిఫిన్ డబ్బానో చేతిలో పెట్టి, "సీటు కన్ఫమ్" అంటారు. ఆ పిల్లకు నగరంలో మంచి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వచ్చే మార్కులున్నా వచ్చేది ఆ ఒక్క కాలేజీయే, ఎందుకంటే జాబితాలో ఉన్నదే అది. పరీక్షలకు ముందే నీ మొదటి క్లాసు దీని మీదే పెట్టు: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, నాకు కూడా చెప్పొద్దు.

బ్యాక్‌లాగ్ బాబు
సార్, ఇట్లా కాగితం మీద కూడిక వేసి చూపించేవాళ్లు మా రోజుల్లో ఉంటే నేను పాలిటెక్నిక్‌కు పోయేవాణ్ని. డిప్లొమా చేసి ఈసెట్ రాసి బీటెక్ సెకండియర్‌లో చేరిన మా కజిన్ ఇప్పుడు జెన్‌కోలో ఉన్నాడు. పదో తరగతి పిల్లలకు ఆ దారి చెప్పేవాళ్లే లేరు.

చాక్‌పీస్
నిజమే, అసలు ఇంటర్‌లో మొదలుపెట్టడమే ఆలస్యం. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌కి పాలిసెట్ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడూ 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టినవి, పది మార్కులతో నేరుగా ఆరేళ్ల చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు జీపీఏకి 0.4 కలిపేవాళ్లు. అంతకన్నా ముందు ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష, నెగ్గితే ఇంటర్ దాకా ఏటా 12 వేలు. హైస్కూలు హెడ్మాస్టర్లతో సంబంధం పెట్టుకో, నీ సంస్థ అడగకపోయినా సరే.

అచ్చంపేట అక్క
అమ్మో, ఇంటర్వ్యూలో వీటిలో ఒక్కటీ రాలేదు. ఇంకో సందేహం. నాకిచ్చిన నాలుగు కాలేజీల్లో ఒకటి బాలికల కాలేజీ. చెంచుపెంటల నుంచి, లంబాడీ తండాల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారట. ఇంటర్ అయ్యాక వాళ్లను బయటి ఊరికి పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? ఎట్లా మాట్లాడాలి?

పాడేరు రోడ్డు
మా వైపు ఆడపిల్లలు నూటికి ఎనభై మంది నర్సింగే అడుగుతారు. ఎందుకంటే వాళ్లు కళ్లారా చూసిన ఉద్యోగం చేసే ఆడమనిషి పీహెచ్‌సీలో సిస్టరే. టీచరమ్మ ఉంటుంది గానీ ఆమె మైదానం నుంచి వచ్చి పోతుంది. "నీకు ఏమవ్వాలని ఉంది" అని అడిగితే తలొంచుకుని నేల చూస్తారు, ఆ ప్రశ్న మానేశా. "మీ ఊరి నుంచి బయటికి పోయి చదివినవాళ్లెవరైనా ఉన్నారా, వాళ్లేం చేస్తున్నారు" అని అడుగుతా. ఉంటే ఆ అమ్మాయి నంబరు తీసుకుని సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు క్లాసుకు పిలుస్తా. నేను గంట మాట్లాడినదానికన్నా ఆ అమ్మాయి "హాస్టల్లో మొదటి నెల ఏడ్చాను, చారు బాగోదు, తర్వాత అలవాటైపోయింది" అన్న ముక్కే వాళ్లకు ఎక్కుతుంది.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు చదువు గొప్పతనం చెప్పొద్దు, వాళ్లకు తెలుసు. వాళ్లు అడిగేవి వేరే. హాస్టల్‌కు గోడ ఉందా, వార్డెన్ ఆడమనిషేనా, ఆదివారం ఎవరితో బయటికి పోతారు, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు, పండక్కి వచ్చిపోయే చార్జీలెంత. వీటికి జవాబులు లేకుండా ఆ గడప తొక్కొద్దు.

చాక్‌పీస్
తెలంగాణ సంగతి నేను చెప్తా. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి చార్జీల మాట తగ్గింది, మండల కేంద్రం దాటని పిల్లలు ఇప్పుడు జిల్లా కేంద్రంలో డిగ్రీకి రోజూ వచ్చిపోతున్నారు. హైదరాబాద్ అయితే కోఠి మహిళా కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయం అయింది, పేరు చెప్తే పల్లెల్లో పెద్దవాళ్లు కూడా గుర్తుపడతారు. సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకులాల మహిళా డిగ్రీ కాలేజీలున్నాయి, తిండీ వసతీ అక్కడే. ఆడపిల్లను పంపడానికి భయపడే ఇంటికి నేను ముందు చెప్పేది ఇవే. పది, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడుల్లో చదివిన అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30 వేలు ఇస్తోంది, తెలంగాణ కూడా అందులో ఉంది. దానికి అప్లై చేయించడం మరిచిపోకు.

పెళ్లి సంగతి దాచి లాభం లేదు. పద్దెనిమిది నిండాక పెళ్లి చేస్తే ప్రభుత్వం నుంచి కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు వస్తాయి. బాల్యవివాహాలు ఆపడానికి మంచి పథకమే, కొన్ని ఆపింది కూడా. అయితే కొన్ని ఇళ్లలో పద్దెనిమిది అనేది తేదీ కింద మారిపోయింది, ఇంటర్ సెకండియర్ పరీక్షలకు ముందే సంబంధాలు మొదలవుతాయి. వాళ్లతో వాదనకు దిగకు. "డిగ్రీ అయ్యాక చేసినా ఆ డబ్బులు వస్తాయి, ఎక్కడికీ పోవు" అని చెప్పు. చాలామందికి ఆ ముక్క తెలియదు.

ఫ్రిస్కో పక్కింటావిడ
టెక్సస్ నుంచి. ఇక్కడి పబ్లిక్ హైస్కూల్లో వాలంటీర్‌గా పిల్లల చేత కాలేజీ అప్లికేషన్లు నింపిస్తుంటాను, ఎక్కువమంది మెక్సికో, సాల్వడార్ కుటుంబాల పిల్లలు, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కినవాళ్లు కాదు. మీ థ్రెడ్ చదువుతుంటే నవ్వొచ్చింది, ఇక్కడా ఇదే తంతు! కౌన్సెలర్ల సంఘం 250 మంది పిల్లలకొక కౌన్సెలర్ ఉండాలంటుంది, చాలాచోట్ల ఒక్కో కౌన్సెలర్‌కి అంతకు మించే పిల్లలుంటారు. సాయం కోసం ఫాఫ్సా అని ఒక ఫారం, అందులో అమ్మానాన్నల ఆదాయం అడుగుతారు, వాళ్లెక్కడున్నారో తెలియని పిల్ల ఏం రాయాలి? వసంతంలో సీటు వచ్చి, డిపాజిట్టూ కట్టి, ఆగస్టులో కాలేజీకి రానివాళ్లు ఉంటారు. దాని మీద ఇక్కడ బోలెడు పరిశోధన జరిగింది. తేదీ గుర్తుచేస్తూ వేసవిలో మెసేజ్‌లు పంపితే చేరేవాళ్లు పెరిగారని వాటిలో కొన్నింటిలో తేలింది. కాబట్టి వాట్సాప్ గ్రూపుని చులకనగా చూడకండి.

కౌంటర్ నం. 3
మేడం, మా దగ్గర వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద లాస్ట్ డేట్ మెసేజ్ సమాధి అయిపోతది. అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు పెట్టాలి. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా మంచిది, అమ్మ కూడా వింటది.

బ్యాక్‌లాగ్ బాబు
తేదీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2024లో ముజఫర్‌నగర్ కూలి ఇంటి కుర్రాడికి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది, 17,500 కట్టడం గడువుకు కొన్ని నిమిషాలు దాటింది, సీటు పోయింది. సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ తిరిగి రాలేదు. ఎంతమంది వెళ్లగలరు సుప్రీంకోర్టుకి?

చాక్‌పీస్
అందుకే ఆ డబ్బు ముందే సిద్ధంగా ఉండాలి. జోసాలో సీటు ఒప్పుకోవడానికి ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 15 వేలు, మిగతావాళ్లకు 30 వేలు, దాని మీద ఇంకొంత ప్రాసెసింగ్ ఫీజు. ఐఐటీలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, లక్ష లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, కానీ మాఫీ అక్కరకొచ్చేది చేరాకే కదా, తలుపు దగ్గర కట్టేది కట్టాల్సిందే. మా స్టాఫ్‌లో కొందరం కలిసి ఒక చిన్న నిధి పెట్టుకున్నాం, స్కాలర్‌షిప్ పడగానే తిరిగి ఇచ్చేయాలి. తిరిగి ఇస్తున్నారు కూడా. బ్యాంకు లోన్ 4 లక్షల దాకా పూచీకత్తు లేకుండా ఇవ్వాలన్నది నిబంధన. మేనేజరు "పొలం కాగితాలు తెండి" అంటే నిబంధన ప్రింటు తీసి తోడుగా వెళ్లు. ఒంటరిగా వెళ్లిన తండ్రిని కుర్చీలో కూడా కూర్చోబెట్టరు, అది నేను చూసిందే.

రెండో విడత
అందరికీ నమస్కారం, నేను స్టూడెంట్‌ని. ఇంటర్ బైపీసీ 812. దోస్త్ మొదటి విడతలో నాకు గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది, సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే సీటు ఒప్పుకుంటున్నానని ఆన్‌లైన్‌లో చెప్పడం, చేయాలని తెలియదు, సీటొస్తే అయిపోయింది అనుకున్నా. నిన్న చూస్తే తేదీ దాటిపోయింది. మా నాన్నకు చెప్పలేదు. ఇప్పుడేం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

చాక్‌పీస్
బాబూ, టెన్షన్ పడకు. ఆ సీటు పోయింది, ఏడాది పోలేదు. తర్వాతి విడత ఉంది. లాగిన్ అయి నీ రిజిస్ట్రేషన్ పనిచేస్తుందో లేదో చూడు, లేకపోతే 400 కట్టి మళ్లీ చేసుకోవాలి. అదే కాలేజీ మొదటి ఆప్షన్‌గా పెట్టు, 812 తక్కువ మార్కులేం కాదు, కానీ కింద ఇంకో పది కాలేజీలు కూడా పెట్టు. అలాట్‌మెంట్ రాగానే ఆ సాయంత్రమే సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్. ఫోన్లో ఏదైనా తేడా కొడితే దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పో, అక్కడ హెల్ప్‌లైన్ సెంటర్ ఉంటుంది, డబ్బులు అడగరు. మధ్యలో ఎవరైనా పీఆర్వో ఫోన్ చేసి "నేను చూసుకుంటా" అంటే కట్ చెయ్. నాన్నకు ఇవాళే చెప్పు, తిడితే తిట్టనీ.

కౌంటర్ నం. 3
తమ్ముడూ, ఆధార్‌కు లింకైన నంబరు నీ దగ్గరే ఉందా, నాన్న దగ్గరుందా? ఓటీపీ దానికే వస్తది. ఆ సిమ్ పోయి ఉంటే పోస్ట్‌మ్యాన్‌ని అడుగు, ఇంటికొచ్చి నంబరు మారుస్తాడు. తర్వాత స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు, నంబర్లు మాత్రం కనపడకుండా కొట్టెయ్.

అచ్చంపేట అక్క
రెండో విడత తమ్ముడూ, అయిందో లేదో ఇక్కడ చెప్పు, ఎదురుచూస్తుంటా.

అందరికీ థాంక్స్. ఆఫర్‌కి ఓకే చెప్పేశా, పెట్రోలు సంగతి రాసివ్వమని మెయిల్ కూడా పెట్టా, సరేనన్నారు. చాక్‌పీస్ సార్ చెప్పిన 65 వేల కూడిక నాన్నకు చూపించా, "మన పక్కింటి పిల్లకి ఇది ముందే చెప్పాల్సింది" అన్నారు, నోటిఫికేషన్ మాట మాత్రం వదల్లేదు. ఒక చిన్న ప్రశ్న: సొంతంగా ప్రింటర్ కొనుక్కోమంటారా?

కౌంటర్ నం. 3
కొనకు అక్కా, ఇంకు ఖర్చు నీ జీతం తినేస్తది. నాలుగు కాలేజీల దగ్గర నాలుగు మీసేవ సెంటర్లతో ఖాతా పెట్టించుకో, బిల్లు సంస్థకే పంపమను.

పాడేరు రోడ్డు
ప్రింటర్ వద్దు, పవర్ బ్యాంక్ కొను. ఆప్షన్ల చివరి రోజు కరెంటు పోతుంది, ఏటా పోతుంది.